కోతులు పీకని బిళ్ల

మొన్న పొద్దున ఇద్దరు మనుషులు నా ఇస్త్రీ బండి ముందు నిలబడి నవ్వుకున్నారు. మా భూపాలపల్లిలో చెట్లకు నంబర్లు వేసి లెక్క రాసే పనిని గుత్తకు తీసుకున్న కంపెనీ మనుషులు వాళ్లు. అంగీలు ఇచ్చి, ఇస్త్రీ అయ్యేదాకా ఆగి, ఏదో ఒకటి మాట్లాడుకోవాలి కదా అని మాట్లాడుకున్నారు.

"గా కోతుల సాయబు పోయిండంట, ఎరుకేనా?"

"ఎవరు, చెట్ల లెక్క రాసెటాయనా?"

"గాయినే. గార్లల, వాళ్ల ఇంటికాడనే. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండంట."

"అయితే ఇగ కోతులకు రంది లేదు."

నవ్వారు. నా చేతిలో పెట్టె ఆగిపోయింది. మాడిన వాసన వచ్చాక చూసుకుంటే కాలరు మీద తమలపాకంత మచ్చ. మా ఆయన పోయినప్పటి నుంచి ఈ బండి మీదనే బతుకుతున్నాను. ఒక్క గుడ్డ కాల్చిన పేరు లేదు. ఆ రోజు కాల్చాను. దానికి నాకేం బాధ లేదు. మాడింది అంగీయే కదా అనిపించింది.

కోతుల సాయబు అనే పేరు ఆయనకు అసలు ఎందుకు పడిందో ఆ ఇద్దరికీ తెలియదు. నాకు తెలుసు. నాకు ఒక్కదానికే తెలుసు. అందుకే ఇది చెప్పి రాయిస్తున్నాను. నాకు సంతకం మటుకే వచ్చు. మా వీధి టీచరమ్మ నా మాటను పుస్తకం మాటలోకి తిప్పి రాస్తోంది. మాట తిప్పుకో తల్లీ, కోపం మాత్రం తిప్పకు అని చెప్పాను. బట్టలు ఉతికి బతికిన కులం మాది. ఏ మరక ఎవరిదో చూస్తే చెప్పగలను. ఆయన పేరు మీద పడ్డ మరక నాది.

ఆయన అసలు పేరు చెప్పను. బతికుండగా పేరు పెట్టి పిలవని వాళ్లకు ఇప్పుడు పేరెందుకు.

పొడుగు మనిషి. తాటిమాను నడిచొస్తున్నట్టు వచ్చేవాడు. భుజానికి గుడ్డ సంచి, సంచిలో టేపు, సుత్తె, మేకులు, రేకు బిళ్లలు, దారంతో కుట్టిన ఒక లావుపాటి నోటుబుక్కు. జేబులో కంపెనీ ఇచ్చిన ఫోను. నా బండి అప్పుడు దవాఖాన తొవ్వలో కానుగచెట్టు కింద ఉండేది. కానుగ సంగతి తెలిసిన వాళ్లకు తెలుసు, ఎండలు ముదిరే వేళకు కొత్త ఆకు వేస్తుంది. ఊరంతా మాడుతుంటే అది పచ్చగా మెరుస్తుంది. నిప్పుల పెట్టె చేతిలో పట్టుకుని నిలబడే మనిషికి అంతకు మించిన ఇల్లు లేదు.

మొదటి రోజు వచ్చి చెట్టు కేసి చూడలేదు. నా కేసి చూశాడు. బండి కేసి, బండి కింద పండుకున్న కుక్క కేసి, దవాఖాన నుంచి వచ్చి కూర్చున్న ఒక బాలింత తల్లి కేసి చూశాడు. అప్పుడు నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. నాకు అనుమానం వచ్చింది.

"ఏం రాస్తున్నవన్నా? బండి తీయాల్నా?"

"నిన్నెవరు తీయమన్నరక్కా. చెట్ల లెక్క రాస్తున్న."

"చెట్టు మీద ఉన్నది. నువ్వు కిందికి చూస్తున్నవు."

"అందరు పైకి చూసి రాస్తరు. నేను కిందికి చూసి రాస్త. ఎవరు కూసుంటరో తెల్వకుంటే అది చెట్టెట్లయితది, కట్టె అయితది."

ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అడిగిన వాళ్లకల్లా చెప్పేవాడు. కొందరు నవ్వేవాళ్లు. ఆయనకు పట్టేది కాదు.

చెట్టు లావు కొలిచే తీరు ఇంకా చిత్రం. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున టేపు చుట్టాలట. కంపెనీలో ఈ పని చేసే మిగతా పిల్లలు ప్రతి చెట్టు దగ్గరా కింది నుంచి పైకి కొలుచుకుని గీత పెట్టుకునేవాళ్లు. ఈయన చెట్టును ఆనుకుని నిలబడి, అంగీ మూడో గుండీ ఎక్కడ తాకితే అక్కడ టేపు చుట్టేవాడు. ఆయన అంగీలు నేనే ఇస్త్రీ చేసేదాన్ని. నాలుగే అంగీలు. నాలుగింటికీ మూడో గుండీ మాత్రం ఎర్ర దారంతో కుట్టి ఉండేది.

చెప్పులు కూడా మార్చేవాడు కాదు. తోలు అరిగిపోతే అదే మందం అడుగు వేయించుకుని తొడుక్కునేవాడు. "కొత్త చెప్పులు కొనుక్కోరాదా అన్నా, కాలు బయట పడ్తున్నది" అన్నాను ఒకసారి.

"చెప్పు మందమైతే గుండీ మీదికి లేస్తది. గుండీ లేస్తే లెక్క గలత్ అయితది. నా కాళ్ల కోసం చెట్టును సన్నం చెయ్యాల్నా?"

అక్క అని పిలిచేవాడు నన్ను. నేను అన్న అని పిలిచేదాన్ని. "నీ గడ్డం నెరిసింది, నన్ను అక్క అంటవేంది?" అని ఒక రోజు జగడమాడాను.

"వయసు చెట్లకే అడుగుతక్కా. మనుషులకు అడగ."

అంత మర్యాదస్తుడు. ఆ మనిషిని పట్టుకుని కోతుల సాయబు అంటారు.

ఫోనుతో ఆయనకు చిరాకు. చెట్టు దగ్గర నిలబడి నొక్కితే పటం మీద చుక్క పడాలి. ఆ చుక్క ఎప్పుడూ అటో ఇటో జరిగేది. "చూడక్కా, నీ కానుగను తీస్కపోయి మురికి మోరీల పెట్టింది" అని చూపించేవాడు. మళ్లీ నొక్కేవాడు. చుక్క చెట్టు మొదట్లోకి వచ్చేదాకా కదిలేవాడు కాదు. ఎండలో అంతసేపు నిలబడాలా, కొంచెం అటు ఇటు అయితే ఏం పోయింది అంటే, "మీ ఇంటికి చుట్టాలు వచ్చి పక్కింట్ల దిగితే ఊకుంటవా?" అనేవాడు.

ఆ ఫోనులో చెట్టు సంగతికి మూడే గడులట. బాగుంది, ఎండింది, లేదు. మూడింటిలో ఒకటి నొక్కాలి. కింద ఎవరు కూర్చుంటారు అన్న గడి లేదు. అందుకే ఆ నోటుబుక్కు. అంతకు ముందు జనగామలో చేశాడు, మహబూబాబాదులో చేశాడు. ఆ ఊళ్లు నేను చూడలేదు. ఆయన చెప్తే చూసినట్టే ఉండేది. జనగామలో ఒక రావి కింద సైకిళ్ల పంక్చర్లు వేసే ముసలాయన ఉన్నాడట, చెట్టు బెరడులో సందు చూసి తన పనిముట్లు దాచుకుంటాడట. మహబూబాబాదు స్టేషన్ దగ్గర చింత కింద మిర్చి బస్తాలు మోసే వాళ్లు తుమ్ముకుంటూ అన్నం తింటారట. ఆ చెట్లకు ఏం నంబర్లు పడ్డాయో ఆయనకు చూడకుండా నోటికి వచ్చు. నాకు కూడా నా కానుగ నంబరు ఆయన చెప్తేనే వచ్చింది. ఆరు వందల పన్నెండు.

బిళ్ల కొట్టేటప్పుడు మేకును పూర్తిగా దించేవాడు కాదు. రెండు వేళ్లంత బయటికి వదిలేవాడు. "గట్టిగ కొట్టు, ఊసిపోతది" అన్నాను.

"చెట్టు లావెక్కాలె గదక్కా. జాగ ఇడువకుంటే బిళ్లను మింగుతది."

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

మాది పుట్టుక మహదేవపూర్ అవతల అడవిలో ఊరు. మా చిన్నతనంలో చెట్టుకు నంబరు పడిందంటే ఒకటే అర్థం. జంగ్లాతోళ్లు, అంటే అడవి శాఖ వాళ్లు, వచ్చి మొదట్లో సుత్తెతో గుర్తు కొట్టి, నంబరు వేసి పోయేవాళ్లు. వాళ్ల వెనకే రంపాలు, రంపాల వెనకే లారీలు. మా బాపు ఎడ్లను కట్టేసే నల్లమద్దికి నంబరు పడింది. వారం తిరగలేదు, మొద్దు మిగిలింది. మా అమ్మ ఆ మొద్దు మీదనే కూర్చుని చేటలో బియ్యం ఏరుకునేది. నంబరు వేసిన చెట్టు బతకడం నా కళ్లతో నేను చూడలేదు.

ఆయన చెప్పలేదా అంటే చెప్పాడు. కాపాడటానికే నంబరు అన్నాడు. మంచి మనిషి మాట మీద నమ్మకం ఉంది, నంబరు మీద లేదు. ఈయనకు కూడా తెలియకుండా పైనోళ్లు వేయిస్తున్నారేమో అనుకున్నాను. రెండు రోజులు ఆ బిళ్ల కేసి చూస్తూ ఇస్త్రీ చేశాను. మూడో రోజు మధ్యాహ్నం తొవ్వలో జనం పలచబడ్డాక, బొగ్గులు తీసే పటకారుతో బిళ్ల పీకేశాను. మేకు రాలేదు, బిళ్ల మాత్రం వచ్చింది. బండి మీద పరిచే బొంత కింద దాచాను.

అంతటితో ఊరుకుంటే నా పాపం నాకే ఉండేది. ఊరుకోలేదు. పక్కన పండ్ల బుట్టామెకు చెప్పాను, అటు చెప్పులు కుట్టే తమ్మునికి చెప్పాను. మాది బొగ్గుబాయి ఊరు అయితేనేం, సగం మంది అడవి పల్లెల నుంచి వచ్చిన వాళ్లే. అందరికీ ఆ భయం తెలుసు. నా పటకారు చేతులు మారింది. ఆ తొవ్వలో పదిహేడు చెట్లకు బిళ్లలు లేకుండా పోయాయి. చెట్లను కాపాడుకున్నామని ఆ సాయంత్రం అందరం చాయ్ తాగాము. అంత తెలివి మాది.

పది పన్నెండు రోజులకు ఆయన మళ్లీ వచ్చాడు. తొవ్వ చివరి నుంచి ఒక్కో చెట్టును చూసుకుంటూ వచ్చి, నా కానుగ దగ్గర ఆగాడు. వేలితో మేకు తడిమాడు.

"బిళ్ల ఏదక్కా?"

"కోతులు పీకినయన్నా. ఈ నడుమ బాగ మోపైనయి."

మేకు కేసి వంగకుండానే చూశాడు. దాని మీద గీతలు పడి ఉన్నాయి.

"కోతులు పటకారు వాడ్తున్నయా అక్కా?"

నేను పెట్టెలో బొగ్గులు ఊదుకున్నాను. బూడిద కళ్లలో పడింది. ఆయన బండి పక్కన రాయి మీద కూర్చున్నాడు.

"నంబరు లేని చెట్టు మీద ఎవడన్న గొడ్డలేస్తే అడిగెటోడు ఉండడక్కా. నంబరుంటే, ఏమైందని ఎవడో ఒకడు జవాబు చెప్పాలె. గందుకే ఏస్తున్న."

"నంబరేసినంక గట్ల జవాబు చెప్పినోన్ని ఒక్కన్ని చూపెట్టన్నా. ఇప్పుడే అతికిస్త."

నోటుబుక్కు పేజీలు తిప్పుకుంటూ పోయాడు. జనగామ తలచుకున్నాడో, మహబూబాబాదు తలచుకున్నాడో. చివరికి లేచాడు.

"చూపెట్టనీకె నా తాన ఎవడు లేడు. కని నువ్వు జర ఉంచుకో బిళ్ల, పారెయ్యకు. కొత్త మేకులు తెస్త."

నా దగ్గరే ఉందని నేను చెప్పనే లేదు. ఆయనకు తెలుసు.

కొత్త మేకులు రాలేదు. పదిహేడు బిళ్లలు ఏమైనాయని కంపెనీలో పెద్ద సారు అడిగాడట. పీకిన వాళ్ల పేర్లు రాసియ్యి, పోలీసు కేసు పెడతాం అన్నాడట. కింద ఎవరు కూర్చుంటారో ఆయన నోటుబుక్కులో పేరు పేరునా ఉంది. పదిహేడు చెట్ల కింది పేదోళ్లు ఉన్నారు. ఒక్క పేజీ చింపి ఇస్తే ఆయన పని ఆయనకు ఉండేది. ఆయన కాగితం తీసుకుని రాసిచ్చాడు, కోతులు పీకినవి అని. కొలత తప్పుతుందని చెప్పులు మార్చని మనిషి. ఒక్క అబద్ధం రాశాడు, అదీ నా నోటి నుంచి వచ్చిన అబద్ధమే.

ఆఫీసు ఆఫీసంతా నవ్వింది. పనిలోంచి తీసేశారు. ఫోను గుంజుకున్నారు. కుర్చీలో కూర్చున్న మనిషి ఎవరో, తొవ్వ మొఖం చూడకుండానే, ఆ ఫోనులో పదిహేడింటికీ "లేదు" నొక్కాడు. బిళ్ల లేకుంటే చెట్టు లేనట్టే అన్నది వాళ్ల రూలు. అంతలోనే తొవ్వ వెడల్పు చేసే పని వచ్చింది. ఆ గుత్తేదారు పటం తెరిచి చూస్తే మా తొవ్వలో చెట్టే లేదు. చెట్టు లేని చోట ఎవరి అనుమతి కావాలి. నరకడానికి మిషను రంపాలు తెచ్చారు.

ఆ పొద్దున ఆయన ఉరుకుతూ వచ్చాడు. పనిలో లేడని నాకు అప్పటికి తెలియదు. వచ్చి, నా కానుగ చుట్టూ టేపు వేసి, టేపు పట్టుకుని నిలబడ్డాడు. రంపం పట్టుకున్న మనిషి ఆగాడు. కంపెనీ పెద్ద సారు, గుత్తేదారు, చెట్టు నీడలోకి వచ్చి నిలబడ్డారు. ఎండ కొడుతోంది మరి.

సారు ఫోను చూపించాడు. "చూసుకో సాయబూ. ఈడ చెట్టు లేదు."

"మరి మీ నెత్తి మీద నీడ దేనిది సారూ?"

గుత్తేదారు తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. సారుకు నవ్వొచ్చింది. "సాక్ష్యానికి కోతులను తోల్కరాకపోయినవా?" అన్నాడు. చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. అప్పుడు అర్థమైంది నాకు. నా కోతులే. ఆయన నెత్తి మీద ఎక్కి ఉన్నాయి.

బొంత ఎత్తి బిళ్ల తీశాను. "ఇగో సారూ నంబరు. ఆరు వందల పన్నెండు. ఈ చెట్టుదే."

"నీకెక్కడిదవ్వా ఇది?"

ఇది నేను పీకినదే అనాలి. ఆ ఒక్క మాట అంటే ఆయన అబద్ధాలకోరు కాకపోయేవాడు. నోరు తెరిచాను. ఆయన నా కేసి చూసి, తల కొంచెమే, ఇటు నుంచి అటు తిప్పాడు. వద్దు అని.

"కింద పడ్డది. ఏరుకున్న" అన్నాను.

సారు బిళ్లను తిప్పి చూసి నా చేతిలోనే పెట్టాడు. "చేతిల ఉన్న నంబరు చెల్లదవ్వా. చెట్టుకుండాలె."

ఆయన చేతిలోంచి టేపు లాగేశారు. మధ్యాహ్నం బువ్వ వేళకు కానుగ లేదు. పదిహేడూ లేవు. పూత మీద ఉన్న కొమ్మలు నా బండి మీద పడితే నన్నే తీసుకోమన్నారు.

జనం పోయాక ఆయన మొద్దు దగ్గరికి వెళ్లాడు. అలవాటు కొద్దీ ఆనుకుని నిలబడబోయాడు. మూడో గుండీ ఎత్తులో గాలి ఉంది. అప్పుడు వంగాడు. అన్ని రోజుల్లో ఆయన వంగగా చూడటం అదే మొదలు. మోకాళ్ల మీద కూర్చుని మొద్దు చుట్టూ టేపు తిప్పి, నోటుబుక్కులో రాసుకున్నాడు.

"ఇప్పుడు ఏం లెక్కన్నా అది?"

"ఉండేదని ఒకతాన రాసి ఉండాలె గదక్కా."

ఇస్త్రీ చేసి పెట్టిన అంగీలు రెండు నా దగ్గరే ఉన్నాయి. చేతికిచ్చాను. గార్ల బస్సు ఎక్కుతా అన్నాడు. నేను క్షమించు అనలేదు. అనడానికి ఆయన సందు ఇవ్వలేదు. ఆయన మీద కూడా నాకు కోపమే, దాచను. నన్ను అడగకుండా నా తప్పు ఎత్తుకుపోయాడు. ఎత్తుకుపోయిన వాడు తిరిగి రాకుండా అట్లనే నిద్రపోయాడు.

అంగీ కాల్చిన రోజే బండి మూసి కంపెనీ ఆఫీసుకు పోయాను. బిళ్లను, పటకారును కొంగులో కట్టుకుని పోయాను. అదే పెద్ద సారు. చల్లగా గాలి వస్తోంది గదిలో. గోడకు మా ఊరి పటం, దాని నిండా పచ్చ చుక్కలు. రెండూ బల్ల మీద పెట్టాను.

"బిళ్లలు పీకింది కోతులు కాదు. నేను. గీ పటకారుతోని. మీ కాయితంల రాసుకోండ్రి."

ఆయనకు నేను ఎవరో గుర్తు రావడానికే కొంతసేపు పట్టింది.

"గిప్పుడు రాసుకుంటే ఏమొస్తదవ్వా? చెట్టు లేదు, మనిషి లేడు."

"ఆయన గలత్ రాయలేదని రాయి సారూ. గంతే."

"గట్ల రాయనీకె ఫోనుల గడి లేదు."

బిళ్ల, పటకారు తీసుకుని వచ్చేశాను. పోలీసు కేసు పెడతా అన్నారు కదా అప్పుడు, ఇప్పుడు పెట్టండి అన్నాను గడపలో ఆగి. ఎవరూ తల ఎత్తలేదు. భయపడి దాచినప్పుడు కేసు ఉంది. ఒప్పుకుంటే కేసు లేదు. ఇదేం న్యాయమో చదువుకున్న వాళ్లు చెప్పాలి.

వాళ్ల ఫోనులో గడి లేదు కాబట్టి ఇక్కడ రాయిస్తున్నాను. దవాఖాన తొవ్వలో, ఇప్పుడు తారు పోసిన చోట, ఆరు వందల పన్నెండు నంబరు కానుగ ఉండేది. బాగుండేది. కింద ఇస్త్రీ బండి, కుక్క, దవాఖానకు వచ్చిపోయే వాళ్లు. బిళ్ల పీకింది నేను. మిగతా పదహారు పీకించింది నేను. లెక్క రాసిన మనిషి లెక్క సరిగ్గా రాశాడు.

ఇప్పుడు నా బండి తొవ్వ అవతల, ప్లాస్టిక్ పట్టా కింద ఉంది. పట్టా కట్టిన గుంజకు ఆ బిళ్ల కొట్టాను. చెప్పులు కుట్టే తమ్ముడు చూసి, "మేకు గట్ల బయట ఇడిచినవేందక్కా, గుడ్డలకు తట్టుకుంటది, గుంజ లావెక్కుతదా?" అన్నాడు.

ఎక్కదని నాకూ తెలుసు. అయినా రెండు వేళ్లు వదిలే కొట్టాను.